వానాకాలంలోనే వస్తాను

లాస్ ఎలేచోస్, కోస్తా రికా
1971 జూన్ 6

దొమితీలా వదినగారికి,

నేను మీ తమ్ముడు ఎవేలియో భార్యను. పేరు నిదియా. పెళ్ళయి మూడేళ్ళు కావస్తున్నా మీకు ఉత్తరం ముక్క రాలేదు. రాయమంటే ఆయన "రేపు రాస్తాలే" అంటారు. ఆ రేపు ఇంకా రాలేదు. నేను రాద్దామంటే నా చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది. మనిషి ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు. కాగితం ఎదురుగా ఉన్నా అంతే. ఇవాళ వాన హోరులో ఎవరూ వచ్చి పలకరించరని ధైర్యం చేశాను.

మాది రేకుల ఇల్లు. మే నుంచి నవంబరు దాకా రోజూ మధ్యాహ్నం భోజనాలు కాగానే కొండ మీంచి వాన దిగుతుంది. రేకుల మీద ఆ చప్పుడుకి పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఊళ్ళో వాళ్ళంతా విసుక్కుంటారు గానీ నాకు అదే హాయి. మాట్లాడలేదని ఎవరూ తప్పు పట్టరు.

మీ తమ్ముడు కులాసా. మీ దేశంనుంచి సర్కస్ వచ్చినప్పుడు ఇక్కడ ముసురు పట్టి డేరా బురదలో కూలిపోయింది. సర్కస్‌తో వచ్చిన ఆయన చిరిగిన గుడ్డ కుడుతూ, రెండో కొస పట్టుకోవడానికి నన్ను పిలిచారు. పట్టుకున్నాను. కుట్టడం అయిపోయింది, సర్కస్ వెళ్ళిపోయింది, ఆయన వెళ్ళలేదు. అంతకంటే చెప్పుకోవడానికి మా పెళ్ళి కథ ఏమీ లేదు. ఇప్పుడు మృత్యువు కొండ మీద రోడ్డు పనికి వెళుతున్నారు. ఆదివారాలు ఇంటికి వస్తారు.

తల్లి పోయాక మీరే పెంచారని ఆయన తరచూ చెబుతారు. ఎప్పుడైనా మిమ్మల్ని చూడాలని ఉంది.

మీ మరదలు,
నిదియా


ఎల్ సోతోల్, సకాతేకాస్, మెక్సికో
జులై 1

మరదలు పిల్లకి,

మూడేళ్ళకి నా తమ్ముడు బతికున్నాడని తెలిసింది. వాడు బద్ధకస్తుడు, నువ్వు మూగదానివి. ఏరి కూర్చినట్టు కుదిరారు. ఆ మృత్యువు కొండ ఏమిటి? కూర వండాను అన్నంత తేలిగ్గా రాసేశావు. ఆ పేరు చదివాక నాకు ముద్ద దిగలేదు. అది ఊరికే పేరా, నిజంగా మనుషులు పోతారా? వెంటనే రాయి.

నువ్వు వాన గురించి రాసిన చోట కాగితం మాసిపోయింది, అన్నిసార్లు చదివాను. రోజూ అంటే రోజూనా? అడక్కుండానే పడుతుందా? ఇక్కడ సరైన వాన పడి మూడేళ్ళు. మా బావిలో బాల్చీ వేస్తే రాయి తగిలిన చప్పుడు వస్తోంది. మేకలకి నాగజెముడు ముళ్ళు కాల్చి పెడుతున్నాను. మా వరసలో రెండిళ్ళకి తాళాలు పడ్డాయి.

ఇప్పుడు అసలు మాట. అక్టోబరులో నేను వస్తున్నాను. మేకల్ని చూడ్డానికి మనిషిని మాట్లాడుకున్నాను. అక్టోబరులోనే ఎందుకని అడక్కు. ఇక్కడ ఉత్తరాలు పట్నం పంపేది కొట్టు యజమాని. అంటించే ముందు అన్నీ చదువుతాడు. చదువు నాయనా, నీకు మాత్రం పొద్దు ఎలా పోతుంది.

నీ వదిన,
దొమితీలా


లాస్ ఎలేచోస్
జులై 24

వదినగారికి,

మీ ఉత్తరం చూసి మీ తమ్ముడు చిన్నపిల్లాడైపోయారు. కొండ గురించి కంగారు పడకండి. పూర్వం రోడ్డు లేనప్పుడు కాలినడకన దాటేవాళ్ళు పైన చలికి పోయేవాళ్ళట. ఆ పేరు అలా ఉండిపోయింది. ఇప్పుడు చరియలు విరిగిపడితే మట్టి ఎత్తిపోయడమే ఆయన పని.

మీరు రావడం నాకు ఎంత సంతోషమో రాయడం చేతకావడం లేదు. కానీ అక్టోబరులో వద్దు వదినగారూ. అంత చెడ్డ నెల ఇంకోటి లేదు. ఒకసారి ముసురు పట్టిందంటే రోజుల తరబడి వదలదు. బట్టలు ఆరవు, రొట్టెలకి బూజు, చెప్పులకి బూజు, గోడకి తగిలించిన పటాలకి కూడా బూజు. రోడ్డు తెగితే బస్సులు కొండ మీదే ఆగిపోతాయి. జనవరిలో రండి. ఆకాశం నీలంగా మెరుస్తూ ఉంటుంది. వాకిట్లో కుర్చీ వేస్తాను, వేడి బెల్లం నీళ్ళు తాగుతూ రోజంతా ఎండలో కూర్చోవచ్చు.

మీ మరదలు,
నిదియా


ఎల్ సోతోల్
ఆగస్టు 18

నిదియా,

అర్థమైంది. రావద్దన్న మాటని బెల్లం నీళ్ళలో ముంచి ఇచ్చావు. నాకు ఎండ చూపిస్తానంటావా? ఎండ ఇక్కడ సంచుల్లో పోసి పంచిపెట్టేంత ఉంది, నీకేమైనా కావాలా?

నువ్వు వద్దన్నా నేను వానాకాలంలోనే వస్తాను. జనవరిలో వచ్చి ప్రయోజనం లేదు. ఇవి అడుగుతున్నాను, నిజం రాయి. మీ వాకిట్లో పైన చెట్టూ చూరూ అడ్డం లేకుండా వాన నేరుగా పడే చోటు ఉందా? ఇంట్లోకి వాన వస్తుందా?

ఇంకో సంగతి. నాతో ఒక పెద్దాయన వస్తున్నారు. తిండి పెట్టక్కర్లేదు, మంచం అక్కర్లేదు. ఒక మూల చూపిస్తే చాలు. మాటకారి కాదు, నీకు సరిపోతారు.

దొమితీలా


లాస్ ఎలేచోస్
సెప్టెంబరు 10

వదినగారికి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. రావద్దని కాదు. మీరు పెట్టిన సంతకంలో "నీ వదిన" లేదని మీ తమ్ముడికి చూపించాను. ఆయన నవ్వి, "మా అక్క కోపం మేకపాల లాంటిది, పొంగుతుంది, దించితే తగ్గిపోతుంది" అన్నారు. మీరు అక్టోబరులోనే రండి. వాకిట్లో వాన నేరుగానే పడుతుంది. ఇంట్లోకి మాత్రం చుక్క రాదు. ఒక్క చుక్క కూడా రాదు.

మీతో వచ్చే పెద్దాయన ఎవరో మీ తమ్ముడు కూడా పోల్చుకోలేకపోయారు. తిండి ఎందుకు తినరు? ఒంట్లో బాగుండదా? అన్నం, నల్ల చిక్కుడు గింజలు కలిపి మెత్తగా వండి పెడతాను. మూల ఎందుకు, పక్కింటి బెర్నాల్ గారింట్లో మంచం ఉంది, అడుగుతాను.

బస్సు కొండ దిగాక కాలిపోయిన రొట్టెల కొట్టు దగ్గర దిగండి. ఆ కొట్టు ఇప్పుడు లేదు. కానీ ఎవరిని అడిగినా అది ఎక్కడుందో చెబుతారు. అక్కడినుంచి కిందికి రెండో ఇల్లు మాది.

మీ మరదలు,
నిదియా


లాస్ ఎలేచోస్
సెప్టెంబరు 29

వదినగారికి,

మీరు బయల్దేరేలోపు ఇది అందాలని రాస్తున్నాను. మీకు అబద్ధం రాశాను. మా కప్పు కారుతుంది. మీకోసం వేసిన మంచం మీదే సరిగ్గా కారుతుంది. మేకులు తుప్పు పట్టి రేకుకి చిల్లులు పడ్డాయి. సర్కస్ డేరా చుక్క కారకుండా కుట్టిన మనిషి ఇంటికి ఇదేం ఖర్మ అని మీరు నవ్వుతారని దాచాను. ఆయన ఆదివారం అలసిపోయి వస్తారు, ఎక్కమని అడగడానికి నాకు నోరు రాదు. జనవరిలో రమ్మన్నది అందుకే.

కానీ మీరేం బెంగ పెట్టుకోకండి. ఊళ్ళో కాఫీ పళ్ళు చెట్టు మీదే కుళ్ళిపోతున్నాయని ఔరిస్తేలా పెద్దమ్మ ఇంట్లో ప్రార్థనలు మొదలుపెడుతున్నారు. మా దగ్గరి పట్నానికి పేరిచ్చిన రైతుల సామి పునీత ఇసీద్రోకే. వాన ఆపి ఎండ ఇవ్వమని వేడుకుంటారు. నేనూ వెళ్ళి వెనక గోడ దగ్గర నిలబడతాను. మీరు ఉన్నన్నాళ్ళూ చుక్క పడకూడదని నా పేర ఒక కొవ్వొత్తి వెలిగించాను. మీ మంచం తడవదు.

మీ మరదలు,
నిదియా


ఎల్ సోతోల్
నవంబరు 20

నా బంగారు మరదలికి,

ఇల్లు చేరాను. తలుపు తీయగానే కాలికింద నీ ఉత్తరం. కొవ్వొత్తి సంగతి చదివి నేను నవ్విన నవ్వుకి మేకలు దడి దూకి పారిపోయాయి.

దొంగపిల్లా, నువ్వా ఆపింది? నేను ఇక్కడినుంచి బస్సు మీద బస్సు ఎక్కి, సరిహద్దు తర్వాత సరిహద్దు దాటి, సామిని ఒళ్ళో పెట్టుకుని వానకోసం వస్తే, నువ్వు అక్కడ అదే సామికి వాన ఆపమని దీపం పెట్టావా? పాపం ఆయన ఎవరి మాట వింటాడు?

నీ ఎదుట అన్నీ చెప్పే తీరిక దొరకలేదు. ఇప్పుడు కొట్టు యజమాని చదివినా నాకు భయం లేదు, ఊరందరికీ తెలిసిపోయింది. మా గుడిలో పాత ఇసీద్రో సామిని చెదలు తిన్నాయి. మూడేళ్ళ కిందట కొత్త విగ్రహం చెక్కించాం. ఆయన వచ్చిన దగ్గర్నుంచీ వాన లేదు. మోసుకెళ్ళి ఎండిన పొలాలు చూపించాం, బావి చూపించాం. ఏం చూపించినా అలాగే చూస్తాడు. ఒకరోజు నీ ఉత్తరం చదువుతుంటే నాకు తట్టింది. ఈయన పుట్టాక వానే చూడలేదు. వాన అంటే ఏమిటో తెలియనివాడు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తాడు?

మా సామి ఇంటింటికీ తిరుగుతాడు, ఒక్కో ఇంట్లో కొన్నాళ్ళు ఉంటాడు. అక్టోబరు నా వంతు. తమ్ముడి ఇల్లు నా ఇల్లు కాదా? తిరిగొచ్చాక ఫాదర్ కేకలేస్తే అదే అడిగాను. దారిలో ఒక సరిహద్దు దగ్గర కాపలా జవాను శాలువా మూట చూసి, "బిడ్డ కాగితాలేవి?" అన్నాడు. "బిడ్డ కాదు బాబూ, మా పెద్దాయన" అని ముఖం తెరిచి చూపించాను. టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడు.

నువ్వు ఆయనకోసం మెత్తగా వండి పెట్టిన పళ్ళెం నా కళ్ళముందే ఉంది. మూట విప్పాక నీ ముఖం కూడా. అయితే మీ ఊళ్ళో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ వారమంతా ఎండే కదా. ఇంత దూరం వచ్చి కూడా ఈయనకి నా ఊరి ఆకాశమే చూపిస్తున్నానే అని వాకిట్లో కుమిలిపోయాను. వెళ్ళిపోదామని మూట కట్టుకున్న రోజున కదా కొండ మీద నల్లబడింది.

ఆ వాన సంగతి నేను రాయలేను. సామిని ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తబోతే నువ్వు నా శాలువా అంచు పట్టుకుని ఆపావు. వేలెత్తి నా మంచం పైకి చూపించావు. ధార కడుతోంది. సిగ్గుతో నువ్వు నేలకేసి చూస్తున్నావు. నాకైతే, అతిథి లేచి బయటికి వెళ్ళే పని లేకుండా ఇంట్లోకే వాన తెప్పించిన ఇల్లాలు ఇంకెవరుంటారు అనిపించింది.

ఆ ధారకింద సామి బుగ్గ మీద రంగు పోయింది. ముక్కు తెల్లబడింది. ఆడవాళ్ళు గుడిలో చుట్టూ చేరి, "ఏమైంది ఈయనకి?" అన్నారు. "వాన చూసొచ్చాడు" అన్నాను. అందరూ ఆ బుగ్గ ముట్టుకుని చూశారు.

ఒక్కటి మాత్రం తేలలేదు. మీరంతా అంత గట్టిగా ఎండ అడుగుతుంటే ఆ ఒక్క సాయంత్రం వాన ఎలా పడింది?

నీ వదిన, నీ వదిన, నీ వదిన,
దొమితీలా


లాస్ ఎలేచోస్
డిసెంబరు 15

వదినగారికి,

సంతకం మూడుసార్లు చదువుకున్నాను.

ఆ వాన సంగతి మీకు చెప్పలేదు. చెబితే మీరు అందరిముందూ నన్ను పొగుడుతారు, నేను దాక్కోవాలి. ఇప్పుడు మీరు దూరంగా ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

మీరు మూట కట్టుకుని సామిని ఒళ్ళో పెట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నారు. నేను చిక్కుడు గింజలు ఏరుతూ కిటికీలోంచి చూశాను. మీరు ఆయన నుదుటికి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టారు. అది చూశాక ఇక ఏరలేకపోయాను. చేట పక్కన పెట్టి ఔరిస్తేలా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ప్రార్థనలు జరుగుతున్నాయి. ఎప్పుడూ గోడ దగ్గర నిలబడే దాన్ని, ఆ రోజు గది మధ్యలోకి వెళ్ళాను. ఎలా వెళ్ళానో తెలియదు. అందరూ జపమాల ఆపి చూశారు.

"మా వదిన వానకోసం వచ్చింది. వాళ్ళ బావి ఎండిపోయింది. మనం ఒక్క పూట అడగడం మానేస్తే చాలు" అన్నాను.

తర్వాత బెర్నాల్ గారు, వారమంతా ఎండబెట్టిన కాఫీ గింజలు వాకిట్లోనే ఉన్నాయని, ఇప్పుడు వాన వస్తే తన సంవత్సరం పోతుందని అన్నారు. అది నిజమే. ఆయనకి నలుగురు పిల్లలు. నేను గింజలు లోపల పోయడానికి సాయం చేస్తానన్నాను. అప్పుడు పెద్దమ్మ కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూసి, "ఏమిటే, నీకు నోరుందా? పెళ్ళిలో 'సరే' అన్న మాట కూడా నీ తరఫున నేనే అన్నానేమో అనుకుంటున్నానిన్నాళ్ళూ" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే లేచి, "సామికి మాత్రం సెలవు ఉండొద్దా? పదండి, గింజలు ఎత్తుదాం" అని బుట్ట అందుకుంది. ప్రార్థనకి వచ్చిన వాళ్ళంతా బెర్నాల్ గారి వాకిట్లో గింజలు ఎత్తాం. ఆఖరి బుట్ట లోపల పెట్టేసరికి కొండ మీద ఉరిమింది. బెర్నాల్ గారు నాకేసి చూసి, "నిన్ను ఇంకెప్పుడూ మాట్లాడనివ్వకూడదు" అన్నారు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. సామిని ధారకింద పెట్టి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మీరు ఏదో చెప్పారు. చాలాసేపు చెప్పారు. రేకుల హోరులో మీ పెదవులు కదలడమే కనిపించింది. ఏం చెప్పారు?

మీ తమ్ముడు కొత్త రేకులు తెచ్చారు. నేను అడిగాను, ఎక్కారు. మీ మంచం మీది రేకు మాత్రం మార్చవద్దన్నాను.

మీ మరదలు,
నిదియా


ఎల్ సోతోల్
1972 మార్చి 2

నిదియా తల్లికి,

నీ ఉత్తరం గుడిలో అందరికీ చదివి వినిపించాను. కోపం తెచ్చుకోకు. మీ బెర్నాల్ కోసం మావాళ్ళు ఒకపూట ప్రార్థన చేశారు. ఇక్కడి ప్రార్థనకి విలువెంతో నాకు తెలియదు.

మంచి కబుర్లు లేవు. మేకల్లో సగం అమ్మేశాను. ఇంకో ఇంటికి తాళం పడింది. ఉన్న తొమ్మిది ఇళ్ళ వాళ్ళమూ గుడి దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. జూన్ గడిచేదాకా చూస్తాం. అప్పటికీ పడకపోతే ఎవరి దారి వాళ్ళం. సామిని ఎవరు తీసుకెళ్ళాలన్న దగ్గర మాట ఆగిపోయింది. "నీతో తిరగడం అలవాటైంది, నీతోనే ఉంచుకో" అంది ఒకామె. నేను లేచి వచ్చేశాను.

తమ్ముడు రమ్మని రాశాడు. వాడు ఉత్తరం రాశాడంటే నువ్వు ఎంత మాటకారివయ్యావో తెలుస్తోంది. వాడికి చెప్పు, ఈ ఊరు ఖాళీ కావడం చూసేదాకా నేను కదలను.

చెవిలో చెప్పిన మాట ఫలించేదాకా బయటపెట్టకూడదు. వాన పడితే ఆ రోజే రాస్తాను. పడకపోతే నువ్వు మళ్ళీ అడగవద్దు.

నీ వదిన,
దొమితీలా


లాస్ ఎలేచోస్
1972 జులై 19

వదినగారికి,

మీ ఉత్తరం ఇవాళ అందింది. చదవలేకపోయాం.

కవరు పొడిగా ఉంది. మీ చేత్తో రాసిన మా చిరునామా చెక్కుచెదరలేదు, కాలిపోయిన రొట్టెల కొట్టుతో సహా. పోస్టుమనిషి, దారిలో చుక్క తడవలేదని ఒట్టు వేశాడు. లోపలి కాగితమే ఉబ్బి, ఎండి, అప్పడంలా ముడతలు పడింది. రెండు పక్కలా సిరా అంతా నీలంగా పారిపోయింది. పైన తేదీ ఉండాల్సిన చోట ఒక మచ్చ, కింద మీ పేరు ఉండాల్సిన చోట ఒక మచ్చ. మధ్యలో ఒక మేక అడుగు గుర్తు లాంటిది కూడా ఉంది. వాకిట్లో కూర్చుని రాశారని తెలుస్తూనే ఉంది.

మీ తమ్ముడు దాన్ని కిటికీ వెలుగుకి పట్టి చాలాసేపు చూశారు. తిప్పి చూశారు. తర్వాత వాసన చూశారు. "మా ఊరి మట్టి" అన్నారు. ముఖం కడుక్కోవడానికి వెళ్ళి ఎంతకీ రాలేదు.

నేను దాన్ని ఔరిస్తేలా పెద్దమ్మకి, బెర్నాల్ గారికి తీసుకెళ్ళి చూపించాను. ఈసారి గోడ దగ్గర నిలబడలేదు. "ఏం రాసింది?" అని అందరూ అడిగారు. "అంతా రాసింది" అని చెప్పాను.

సామి చెవిలో ఏం చెప్పారో ఇందులో ఎక్కడో రాసే ఉంటారు. మళ్ళీ రాయకండి. ఈ ఉత్తరం చాలు. దీన్ని మీ మంచం దగ్గర గోడకి తగిలించాను, ధార పడని పక్కన.

ఇక్కడ మధ్యాహ్నం వాన మొదలైంది. అక్టోబరులో రండి. పెద్దాయన్నీ తీసుకురండి.

మీ మరదలు,
నిదియా